ఒక్క చాయ్‌తో రెండు గంటలు

ఆదిలాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ హోటల్లో నేను చాయ్ తాగింది చాయ్ కోసం కాదు, కుర్చీ కోసం. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, ఉట్నూర్ అవతల అడవి ఊళ్లో ఉన్న ఆశ్రమ పాఠశాలలో చేరి ఏడాది కూడా కాలేదు. డెబ్బైల చివరి మాట ఇది. ఆడపిల్లల బడి, పక్కనే వాళ్ల హాస్టలు, నలుగురం టీచర్లం. పదిహేను రోజులకోసారి పిల్లల హాజరు పట్టికలు, కావలసిన మందుల జాబితా పట్టుకుని ఆదిలాబాద్ జిల్లా ఆఫీసుకు వెళ్లే పని నా మీద పడింది. మిగతా ముగ్గురికీ చిన్నపిల్లలున్నారు. నాకు పెళ్లి కాలేదు కాబట్టి పని కూడా లేదని వాళ్లు అనుకున్నారు.

తెల్లవారి బస్సెక్కితే పదిగంటలకు ఆదిలాబాద్‌లో దిగేదాన్ని. ఆఫీసులో కాగితాలిచ్చి, సంతకాలు పెట్టించుకుని బయటపడేసరికి పన్నెండయ్యేది. తిరుగు బస్సు రెండున్నరకు. ఆ రెండున్నర గంటలు ఎక్కడ కూర్చోవాలి? బస్టాండు బల్లల మీద ఖాళీ ఉండేది కాదు. నిలబడితే అటు పోయేవాళ్లు, ఇటు పోయేవాళ్లు ఒకసారి మొహంలోకి చూసి వెళ్లేవారు. ఊళ్లో నాకు తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు. అందుకని హోటలు.

అక్కడ భోజనం చేయొచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఆకలి ఉండేది. కానీ అప్పట్లో ఒంటరి ఆడమనిషి హోటల్లో కూర్చుని, పళ్లెం ముందు పెట్టుకుని, నలుగురు మగవాళ్ల మధ్య అన్నం కలుపుకుని తినడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. మా ఇంట్లో ఆడవాళ్లు మగవాళ్ల ముందు తినేవాళ్లు కాదు. మా అవ్వ తలుపు వెనక పీట వేసుకుని తినేది. చాయ్ అయితే అట్లా కాదు. చాయ్ తాగడం తినడం కింద లెక్క కాదని నాకు నేనే చెప్పుకున్నాను. హాస్టల్ నుంచి తెచ్చుకున్న రొట్టెముక్క దారిలో బస్సులోనే, కొంగు చాటున తినేసేదాన్ని.

హోటల్లో ఎనిమిది టేబుళ్లు. కిటికీ పక్కన మూలకున్నది నాది. నలుగురు కూర్చునే టేబులు. చాయ్ చెప్పి, సంచిలోంచి పిల్లల నోటు పుస్తకాలు తీసి పరుచుకుని దిద్దుకునేదాన్ని. వానాకాలమంతా అలాగే గడిచింది. మధ్యాహ్నం పూట హోటలు సగం ఖాళీగా ఉండేది. గల్లా దగ్గర కూర్చునే సేటు నలభై ఏళ్ల మనిషి, లావుగా, నెమ్మదిగా ఉండేవాడు. నన్ను చూసి తనే లేచి ఫ్యాను వేసేవాడు. ఒకసారి అటుగా వచ్చి పుస్తకాలు చూసి, "గింత సన్నగ రాస్తున్నరు పోరగాండ్లు, మంచిగ నేర్పుతున్నవు పంతులమ్మా" అన్నాడు. ఆ మాటతో ఆ టేబులు నాదే అన్నంత ధీమా వచ్చింది నాకు.

తర్వాత పత్తి వచ్చింది.

చలికాలం మొదలవగానే ఆ ఊరు ఊరులా ఉండదు. మహారాష్ట్ర వైపు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు, లారీలు వరుసలు కట్టేవి. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల నుంచి దూది గాలిలో తేలుతూ వచ్చి మనుషుల తలల మీద, కనుబొమ్మల మీద కూర్చునేది. తెల్లవారుజామున ఇల్లు విడిచిన రైతులకు పత్తి తూకం అయ్యేసరికి మధ్యాహ్నమై, అందరూ ఒక్కసారే ఆ హోటలు మీద పడేవారు. సగం మంది తెలుగు, సగం మంది మరాఠీ. ఒకే మనిషి ఒక మాట ఇందులో, ఒక మాట అందులో మాట్లాడేవాడు.

ఆ రోజు నేను వెళ్లేసరికి పన్నెండు దాటింది. నా టేబులు అదృష్టవశాత్తూ ఖాళీగా దొరికింది. చాయ్ చెప్పాను, పుస్తకాలు పరిచాను. చూస్తుండగానే హోటలు నిండిపోయింది. తింటున్నవాళ్ల కుర్చీల వెనక కుర్చీ కోసం కాచుకున్నవాళ్లు నిలబడ్డారు. నా ఎదురుగా రెండు కుర్చీల్లో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. పళ్లేలు పెట్టుకోవడానికి జాగా లేక నా పుస్తకాల వైపు చూశారు. నేను కట్టను రెండంగుళాలు ఇటు జరిపాను. నా పక్క కుర్చీలో నా సంచి ఉంది. దాన్ని తీయలేదు.

నా చాయ్ గ్లాసు అడుగంటి అరగంటయింది. సర్వరు వచ్చాడు. ఏళ్ల తరబడి ఆ హోటల్లోనే పనిచేస్తున్న పెద్దమనిషి. నాలుగు పళ్లేలు చేతి మీద పేర్చుకుని, చెమటలు కారుతూ నా పక్కన ఆగాడు.

"పంతులమ్మా, చాయ్ తాగుడు అయిపాయె గద. జర లేవుండ్రి. తినేటోళ్లు నిలబడ్డరు."

అంతమంది ముందు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పారు. నా చెవులు వేడెక్కాయి. ఆ వయసులో నాకు అవమానం ఒక్కటే కనిపించింది, నిలబడ్డ మనుషులు కనిపించలేదు.

"ఇంకో చాయ్ తీస్కరా" అన్నాను, తలెత్తకుండానే.

అతను ఒక్కక్షణం నిలబడి, సేటు వైపు చూశాడు. సేటు గల్లా మీద నుంచి మమ్మల్ని చూసి, చూపు తిప్పుకున్నాడు. రెండో చాయ్ వచ్చింది. నాకు దాన్ని తాగాలని లేదు. ముందు పెట్టుకుని కూర్చున్నాను. డబ్బిచ్చి చాయ్ తెప్పించుకున్నాను, ఇక ఎవరూ నన్ను లేపలేరు అన్న పంతం.

నా కుర్చీ వెనక ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తెల్లటి టోపీ, పంచె, గడ్డం నిండా దూది. ఆయన వెంట కోడలు కాబోలు, నెలలు నిండిన మనిషి, గోడకు ఆనుకుని నిలబడింది. పక్క టేబులు దగ్గర ఒకతను లేవగానే ముసలాయన ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. తనకు చోటు లేదు. చాలాసేపు చూసి, చివరికి పళ్లెం తీసుకుని, నీళ్ల డ్రమ్ము అంచుకు ఆనించుకుని నిలబడే తిన్నాడు. ఒక చేత్తో పళ్లెం పట్టుకోవాలి, ఇంకో చేత్తో తినాలి. వచ్చేపోయేవాళ్లు భుజానికి తగులుతున్నారు. పప్పు ఒలికి పంచె మీద పడింది. నేనిదంతా చూశాను. చూస్తూనే తల దించుకుని ఎర్ర పెన్నుతో ఒకే పేజీ దిద్దుతూ కూర్చున్నాను. సంచి తీసి పక్క కుర్చీ ఇస్తే సరిపోయేది. కానీ అప్పుడు కదిలితే సర్వరు మాటకు కదిలినట్టవుతుందని అనుకున్నాను.

తిని చేతులు కడుక్కుని వెళ్లేటప్పుడు ఆయన నా పక్కనుంచే వెళ్లాడు. అప్పుడు నేను కొద్దిగా లేవబోయాను, ఎందుకో నాకే తెలియదు. ఆయన చెయ్యి అడ్డం ఊపి, కూర్చోమని మరాఠీలో మొదలుపెట్టి తెలుగులోకి మారి, "బస్ బాయీ, బస్. కూసో. పని చేస్కుంటున్నవు గద, మేం పోతున్నం" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నా పనికి తను అడ్డం వచ్చాడేమో అన్నట్టు అన్నాడు. కోడలు చెయ్యి పట్టుకుని మెట్లు దింపుకుంటూ వెళ్లిపోయాడు.

బస్సులో కూర్చున్నాక పుస్తకాలు మళ్లీ తీసి చూశాను. ఐదో తరగతి పిల్ల ఒకతె లెక్కలన్నీ సరిగ్గా చేసింది. వాటి మీద వరసగా నేను తప్పు గుర్తులు పెట్టాను, ఎనిమిదింటికీ. ఆ పేజీ చూస్తూ గుడిహత్నూర్ దాటేవరకు కిటికీ బయటికి కూడా చూడలేదు.

మర్నాడు ఆ పిల్లను పిలిచి, పేజీ చూపించి, "నాదే తప్పు, నీ లెక్కలన్ని మంచిగున్నయి" అని చెప్పి అన్నీ కొట్టేసి మళ్లీ దిద్దాను. టీచరు తప్పు ఒప్పుకోవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదేమో, నవ్వాలో వద్దో తెలియక పుస్తకం గుండెకు హత్తుకుని పరుగెత్తింది. ఆ పని సులువుగానే అయింది. రెండోదే, హోటల్లో చేసినదే, నన్ను పట్టుకుంది.

మా హాస్టలు భోజనాల గది చిన్నది. పిల్లలు రెండు విడతలుగా తినాలి. ముందు పెద్దపిల్లలు, తర్వాత చిన్నపిల్లలు. పెద్దపిల్లలు తినడం అయినా కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవారు. ఆ సాయంత్రం అన్నం గంట అప్పుడు నేను అలవాటుగా గుమ్మంలో నిలబడి కేక వేశాను. "తిన్నోళ్లు లేవాలె. బయట చిన్నోళ్లు పళ్లేలు పట్టుకోని నిలబడ్డరు, కండ్లు కనవడతలేవా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక నేను అక్కడే ఆగిపోయాను. వంటమనిషి, "ఏమైంది టీచరమ్మా?" అని అడిగింది. ఏం లేదన్నాను. రోజూ పిల్లలకు చెప్పే మాటే కదా, ఆ సర్వరు నాకు చెప్పింది. పదేళ్ల పిల్లలు చెప్పగానే లేస్తున్నారు. నేను ఇంకో చాయ్ తెప్పించుకున్నాను.

ఆ పదిహేను రోజులు భారంగానే గడిచాయి. ఇక ఆ హోటలుకే పోవద్దని ఒకరోజు, పోయి చెప్పాలని ఒకరోజు అనుకున్నాను. చివరికి ఆఫీసులో కాగితాలిచ్చి, సంతకాలు తర్వాత తీసుకుంటానని చెప్పి, జనం రాకముందే పదకొండింటికే వెళ్లాను. సేటు గల్లా దగ్గర అగరుబత్తి వెలిగిస్తున్నాడు. సర్వరు టేబుళ్లు తుడుస్తున్నాడు. నేను కూర్చోలేదు.

"సేటూ, పోయినసారి నేను చేసింది మంచిగ లేదు" అన్నాను. "లేవమన్నరని కోపమొచ్చి కూసున్న. ఒక ముసలాయన నిలబడి తిన్నడు. తెలిసి తెలిసి నేను లేవలే."

సేటు అగ్గిపుల్ల ఆర్పాడు. ఆడమనిషి అట్లా వచ్చి చెప్పడం ఆయనకు ఇబ్బందిగా అనిపించినట్టుంది. సర్వరు గుడ్డ భుజాన వేసుకుని, "నేను గూడ అందరి ముంగట అనకపోతే బాగుండు. చేతులల్ల పళ్లేలున్నయి, నోటికొచ్చినట్టు అనేసిన" అన్నాడు.

"నీ మాటల తప్పు లేదన్నా" అన్నాను.

అప్పుడు సేటు అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "తప్పు నాది, పంతులమ్మా. గా రోజు నేను సూస్తనే ఉన్న. లేవమంటిమి గని, లేచి యాడ కూసోవాలెనో చెప్పలే. రెండున్నర దాంక నువ్వు రోడ్డు మీద నిలవడాల్నా? గది నేను సోంచాయించాలె, ఆలోచన జెయ్యాలె."

లోపలి నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "గంత పరేషాన్ ఎందుకురా? గా పిల్లను ఎనకకు పంపు. నా దగ్గర మంచం లేదా?"

సేటు వాళ్ల అమ్మ అని అప్పుడే తెలిసింది. వంటగది దాటితే వెనక రేకుల వరండా, పక్క సందులోకి ఒక తలుపు. అక్కడ నులక మంచం మీద కూర్చుని ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. డెబ్బై ఏళ్లుంటాయి. చేతులకు వెండి గాజులు, చూపు మాత్రం సూదిలాంటిది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, మంచం చివరికి జరిగింది.

"కూసో. నీ బుక్కులు గీడ పరుసుకో. నేను సదువు రానిదాన్ని, నీకు అడ్డం రాను."

ఆ మొదటి రోజు పుస్తకాలు దిద్దాను. మధ్యలో ఆమె అడిగింది, "తిన్నవా?"

"తిన్న అవ్వా, బస్సుల."

"బస్సుల ఏం తిన్నవు?"

"రొట్టె."

"పొద్దుగాల తిన్న రొట్టె గిప్పటిదాంక ఉంటదా? గీడ గింత అన్నం వండుతున్నరు, గదంత ఎవలకోసం?"

నేను నసిగాను. మగవాళ్ల మధ్య కూర్చుని తినడం నాకు చాతకాదని, అందుకే చాయ్ తాగుతానని చెప్పాను. ఆమె చేట కింద పెట్టి నా వైపు తిరిగింది. "అంటే నువ్వు గిన్ని నెలలు ఆకలితోని కూసున్నవా, గా కుర్చీల?"

ఆమె లోపలికి కేక వేసి రెండు పళ్లేలు తెప్పించింది. ఒకటి నాకు, ఒకటి తనకు. జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిరప తొక్కు. "నేను గూడ ఒక్కదాన్నే తింట రోజు. ఎవలన్న తోడుంటె ఇంకో రొట్టె ఎక్కువ తింట" అంది. మంచం మీద ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఇంటి బయట ఒక ఆడమనిషిగా నేను దర్జాగా కడుపు నిండా తినడం అదే మొదటిసారి. వెళ్లేటప్పుడు సేటుకు భోజనానికి డబ్బిస్తే మామూలుగా తీసుకున్నాడు. అది నాకు నచ్చింది. దయ చూపించినట్టు వదిలేసి ఉంటే మళ్లీ వెళ్లగలిగేదాన్ని కాదు.

ఆ సీజనంతా నేను వరండాలోనే కూర్చున్నాను. ఒక్కదాన్నే ఎక్కువ కాలం లేను. పల్లెలు తిరిగి సూదిమందులు వేసే నర్సు ఒకామె, ఐసు డబ్బా భుజానికి తగిలించుకుని ముందు హాల్లో గోడవార నిలబడి చాయ్ తాగడం చూసి, అవ్వే సర్వరును పంపి పిలిపించింది. తర్వాత ఆసుపత్రికి పిల్లలను తెచ్చే తల్లులు, బస్సు తప్పిపోయినవాళ్లు. అవ్వ ఎవరినీ ఊరికే కూర్చోనిచ్చేది కాదు. "చేతులు ఖాళీగ ఎందుకు" అని ఒకరికి వెల్లుల్లి, ఒకరికి చింతపండు ఇచ్చేది. నర్సు చింతపండు గింజలు తీస్తూ పల్లెల సంగతులు చెబుతుంటే అవ్వ పగలబడి నవ్వేది.

సేటు కొత్త పద్ధతి ఒకటి పెట్టాడు. బోర్డు రాసి తగిలించలేదు, నోటి మాటే. మధ్యాహ్నం రద్దీలో భోజనం చేసేవాళ్లకు టేబుళ్లు. చాయ్ తాగి కూర్చోవాలనుకునేవాళ్లను లేపొచ్చు. కానీ లేపేముందు ఇంకో చోటు చూపించాలి. మగవాళ్ల కోసం హోటలు ముందు చెట్టు నీడన రెండు పొడుగాటి బల్లలు వేయించాడు. ఒకసారి ఐదుగురు పత్తి ఏజెంట్లు రెండు చాయ్‌లు చెప్పి, ఐదు గ్లాసుల్లో పంచుకుని, ఒక టేబులంతా ఆక్రమించి బేరాలు మాట్లాడుకుంటున్నారు. వంటగది గుమ్మంలోంచి నేను చూస్తున్నాను. సర్వరు వాళ్ల దగ్గరికి వెళ్లి వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"అన్నా, బయట నీడకు బల్ల ఖాళీగున్నది. మీ మాటలకు గాడ ఎవలు అడ్డం రారు. చాయ్ గాడికే పంపుత, జర ఆడ కూసోండ్రి."

వాళ్లలో ఒకడు ఏదో అనబోయాడు. ఇంకొకడు వెనక నిలబడ్డ రైతులను చూసి, "నడువుండ్రి, గాలి గూడ బయటనే మంచిగున్నది" అని లేచాడు. గొడవ లేదు. వెళ్లేటప్పుడు వాళ్లే తమ గ్లాసులు చేతపట్టుకుని వెళ్లారు. సర్వరు నన్ను చూసి కళ్లతోనే నవ్వాడు.

ఆ తెల్లటోపీ ముసలాయన కోసం ప్రతిసారీ హాలు వైపు చూసేదాన్ని. మళ్లీ కనిపించలేదు. కోడలికి బిడ్డ పుట్టి ఉంటుందని, ఆయన ఆ బిడ్డను ఎత్తుకుని ఏదో పల్లెలో అరుగు మీద కూర్చుని ఉంటాడని అనుకునేదాన్ని.

ఐదేళ్ల తర్వాత నాకు పెళ్లయింది, కరీంనగర్‌కు బదిలీ అయింది. నా చోటికి వచ్చిన కొత్త టీచరు బెల్లంపల్లి పిల్ల. తండ్రి బొగ్గు బావిలో పనిచేసేవాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో, గలగలా మాట్లాడేది. పని అప్పజెప్పడానికి ఆఖరిసారి ఆమెను వెంటబెట్టుకుని ఆదిలాబాద్ వెళ్లాను. ఆఫీసు చూపించాను, సంతకాలు ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పాను. దారిలో హోటలు గురించి, వరండా గురించి, సందులోంచి తలుపు ఎటు తెరుచుకుంటుందో అంతా వివరంగా చెప్పాను. రద్దీగా ఉంటే ముందు నుంచి పోవద్దని, అవ్వ దగ్గర కూర్చోవచ్చని జాగ్రత్తలు చెప్పాను.

మేం వెళ్లేసరికి సరిగ్గా భోజనాల వేళ. హాలు నిండా మనుషులు. నేను సందు వైపు తిరిగాను. పక్కన ఆ పిల్ల లేదు. వెనక్కి చూస్తే ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది. మధ్య టేబులు దగ్గర ఇద్దరు లేస్తుంటే పక్కన నిలబడి, వాళ్లు లేవగానే కూర్చుంది. సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, నా కోసం ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి చెయ్యి ఊపింది. అటుపక్క, ఇటుపక్క రైతులు తింటున్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు.

"అన్నా, రెండు భోజనాలు" అంది సర్వరుతో. "నాకు బగ్గ ఆకలైతుంది. అక్కకు గూడ."

సర్వరు నా వైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. వంటగది గుమ్మంలో అవ్వ గోడ పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తోంది. అప్పటికి ఆమెకు నడక కష్టమైపోయింది. "గీ పిల్లకు నా మంచంతోని పనే లేదు" అంది మెల్లగా. ఆ గొంతులో సంతోషమే ఉంది. ఆ తర్వాత సర్వరుతో, "ఏం సూస్తున్నవు? పోయి తే. పప్పు వేడిది తే" అంది.

నేను వెళ్లి ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను. చుట్టూ అంతా మగవాళ్లే. పళ్లేలు వచ్చాయి. ఆ పిల్ల అప్పటికే అన్నం కలపడం మొదలుపెట్టింది. నేనూ చెయ్యి కడుక్కుని వచ్చి కలుపుకున్నాను. తినడం అవగానే ఇద్దరం లేచాం. మా కుర్చీల కోసం ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు కాచుకుని ఉన్నారు. "కూసోండ్రి" అని ఆ పిల్ల కుర్చీ వాళ్ల వైపు లాగింది. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నర గడపడానికి వరండాలోకి, అవ్వ దగ్గరికి వెళ్లాం.